నీళ్ళకు చెప్పిన కల

సిర్ దర్యా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పీడకల వస్తే మనుషులకు చెప్పరు. తెల్లవారుతూనే వాకిలి ముందు పారే కాలువ దగ్గర కూర్చుని నీళ్ళకు చెప్పేస్తారు. నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి. చెప్పకుండా కడుపులో దాచుకున్న కల నిజమై కూర్చుంటుందని సబోహత్ నమ్మకం. ఆమె తల్లీ నమ్మింది, అమ్మమ్మా నమ్మింది. వాళ్ళకంటే తెలివైనదాన్నని సబోహత్ ఏనాడూ అనుకోలేదు.

తమ్ముడు దిల్షోద్ జైల్లో ఉన్నాడు. వాడు చేసిన నేరం ఒక బొమ్మ. పెద్ద సభ, కుర్చీల నిండా చప్పట్లు కొడుతున్న చేతులు, మనుషులు మాత్రం లేరు. ఫోనులో పెట్టిన గంటకల్లా ఊరంతా చూసి ముసిముసిగా నవ్వుకుంది. సాయంత్రానికి బొమ్మా లేదు, వేసినవాడూ లేడు.

అప్పటినుంచీ ఆమెకు ఒకటే కల. పాలలాంటి పొగమంచు. నది మధ్యలో వాళ్ళ వాకిట్లోని చెక్క మంచం. దానిమీద దిల్షోద్ బొమ్మ వేస్తూ ఉంటాడు. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుం దాకా వస్తున్నా తలెత్తడు. ఉలిక్కిపడి లేచి కాలువ దగ్గరికి పరుగెత్తేది. జైలునుంచి ఎప్పుడు పిలుపు వస్తుందోనని ఫోను ఎప్పుడూ గౌను జేబులోనే ఉండేది. కల చెప్పేశాక గుండె కుదుటపడేది.

ఒకరోజు ఆమెను భద్రతా శాఖ ఆఫీసుకు రమ్మన్నారు. నసీమ్‌జోన్ అనే కుర్ర అధికారి సొంత అక్కను పిలిచినట్టు "ఆపా" అని పిలిచి, అక్కడి మర్యాద ప్రకారం గిన్నెలో సగమే టీ పోసి ఇచ్చాడు. తర్వాత కాగితం తీసి చదివాడు.

"'మంచం మునిగిపోతోంది, వాడు తలెత్తడంలేదు.' ఏంటాపా ఇది? మంచమంటే దేశమా?"

"మంచమంటే మంచమే నాయనా. మా వాకిట్లో ఉంది, వచ్చి పడుకుని చూడు."

"మరి నది?"

"కిటికీ తీస్తే కనబడుతుంది." అంటూనే ఆమె చటుక్కున అతని చేతిలోని కాగితంవైపు చూసింది. "ఇది నేనెవరికీ చెప్పలేదే! కాలువకి చెప్పుకున్నాను."

"కాలువే మాకు చెప్పిందనుకోండి," అని నవ్వాడు. అతని చూపు ఆమె జేబు మీద ఆగింది. ఆమె చెయ్యి దానంతటదే జేబును కప్పేసింది.

"వచ్చే నెల మీ తమ్ముడి కేసు మళ్ళీ చూస్తారు. ఇంట్లోవాళ్ళ మాటలు కూడా చూస్తారు. కాస్త మంచి మాటలు మాట్లాడండాపా. వాడి ఈడువాణ్ణి, నా మాట వినండి."

అని ఈసారి టీ గిన్నె అంచుదాకా నింపాడు. ఇక లేవమనడానికి అక్కడ అంతకంటే మాట అక్కర్లేదు. ఆమె ముట్టుకోకుండానే లేచింది.

మర్నాటి కలలో నీళ్ళు దిల్షోద్ గడ్డాన్ని తాకాయి. సబోహత్ ఫోనును బొంతల కింద కుక్కి, వట్టి కాళ్ళతో కాలువ దగ్గరికి వచ్చి కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరు. ఎదురింటి కిటికీ తెరిచి ఉంది. కరెంటు స్తంభం మీద కొత్తగా ఏదో పెట్టారు. కాలువ ఇక్కడినుంచి ఆ ఆఫీసు వెనకవైపుగానే పోతుంది కదా అనిపించింది.

"రాత్రి మంచి కల వచ్చింది," అంది నీళ్ళతో, స్పష్టంగా, కాస్త గట్టిగానే. "మా తమ్ముడు ఒడ్డున కూర్చుని నవ్వుతున్నాడు. అందరం బాగున్నాం."

నీళ్ళు ఆ మాటల్ని బుద్ధిగా మోసుకుపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె నీళ్ళకు అబద్ధం చెప్పడం అదే మొదలు. అసలు కలను కడుపులోనే పెట్టుకుని, టీ కాచడానికి లోపలికి వెళ్ళింది.