అల్లుడుగారికి రెండు మోతాదులు

ఆదివారం అల్లుడుగారు మేత ముట్టలేదు.

అల్లుడుగారంటే చేప. నీలం రంగు బెట్టా, బొటనవేలంత ఒళ్ళు, ఒంటికి మించిన తోక. మా అత్తయ్యకు ఇద్దరూ కొడుకులే. "పనీ పాటా లేదు, వేళకి మేపాలి, ఎవరొచ్చినా గుర్రుగా చూస్తాడు, అల్లుడు కాక మరేంటి" అని ఆవిడే ఆ పేరు పెట్టింది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఈ ఎనిమిది నెలలూ ఆవిడకు కాలక్షేపం మంచం పక్కనున్న ఆ గాజు తొట్టే. పొద్దున కళ్ళు తెరవగానే తల అటు తిప్పి, "లేచావా నాయనా" అంటుంది. మమ్మల్ని అడగదు, లేచామో లేదో.

నేను నర్సుని. రోగం పసిగట్టడం నాకు కొత్త కాదు. విచ్చుకుని ఉండాల్సిన తోకా రెక్కలూ ముడుచుకుపోయాయి. ఉండి ఉండి అడుగున గులకరాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నారు. టార్చి వేసి చూస్తే వీపు మీదా మొప్పల మీదా ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు. సాయంత్రమే చేపల షాపుకి వెళ్ళాను.

"తెల్లమచ్చ జబ్బు. భయపడకండి," అన్నాడు షాపాయన. "నీళ్ళు చల్లబడనివ్వకండి. రోజుకో చెంచా ఈ అక్వేరియం ఉప్పు, ఐదు చుక్కలు ఈ నీలం మందు, మూడు రోజులు. ఎక్కువ మాత్రం వెయ్యకండి. ఎక్కువైతే జబ్బు వదిలేసినా మందు వదలదు."

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి? మా ఆయనా, మరిదీ ఒకే లారీ మీద తిరుగుతారు, వారానికి ఒక్కరోజు కనిపిస్తే గొప్ప. మిగిలింది నా తోడికోడలు. హాల్లో కుట్టుమిషను ముందు కూర్చుని పొద్దస్తమానం జాకెట్లు కుడుతుంది. ఆమెకీ నాకూ ఎనిమిది నెలలుగా మాటల్లేవు.

గొడవంతా ఒక్క మాత్ర గురించి. అత్తయ్యకు బీపీ మాత్ర రోజూ నేనే వేసేదాన్ని. ఆ రోజు వార్డులో ఇద్దరు సెలవు పెడితే ముగ్గురి పనీ నేనే చేసి, ఒళ్ళు హూనమై, ఆలస్యంగా ఇల్లు చేరాను. రాగానే ఆవిడ నోట్లో మాత్ర వేశాను. గంట తిరక్కుండానే ఆవిడ బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడింది. అప్పటికే చిన్నది ఒక మాత్ర వేసిందట. "చెప్పాను కదక్కా," అంది. "చెప్పలేదు," అన్నాను, ఆస్పత్రి వరండాలో, అందరి ముందు. నర్సు మాటకి ఎవరు అడ్డు చెబుతారు? నింద ఆమె మీదే పడింది.

నిజానికి ఆమె చెప్పింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, మిషను దగ్గర్నుంచే "అక్కా, మాత్ర వేసేశాను" అంది. చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. మర్నాటికి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నోరు విప్పలేదు. ఒక రోజు ఆగితే రెండో రోజు ఇంకా కష్టం. అలా ఎనిమిది నెలలు.

ఈలోగా ఇంట్లో మాటలన్నీ అత్తయ్య మంచం మీదుగానే. ఎదురెదురుగా నిలబడి కూడా, "అత్తయ్యా, గ్యాసు అయిపోయిందని చెప్పండి" అని ఒకరు, "విన్నానని చెప్పండత్తయ్యా" అని ఇంకొకరు. మాట్లాడకుండా ఉండటం ఎంత చాకిరీయో చేసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు వార్డు కంటే ఇల్లే ఎక్కువ అలుపు.

సోమవారం, మంగళవారం డ్యూటీ నుంచి రాగానే చెంచా ఉప్పు కరిగించి పోశాను, చుక్కలు లెక్కపెట్టి వేశాను. మంగళవారం నీళ్ళు మరీ నీలంగా అనిపించాయి. లైటు వెలుగులే అనుకున్నాను. అలసిపోయిన మనిషికి దేనికైనా ఏదో ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం వచ్చేసరికి అల్లుడుగారు నీటి పైకి తేలి నోరు తెరిచి ఆయాసపడుతున్నారు. ఈదబోతే పక్కకి ఒరిగిపోతున్నారు. అత్తయ్య దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"పెద్దదానా, వీడు కూడా పోతే ఈ గోడలు చూస్తూ పడుండాలా నేను?" అంది.

చెప్పులు కూడా విప్పకుండా షాపుకి పరిగెత్తాను.

"చెప్పినంతే వేశారా?" అన్నాడు షాపాయన.

"నర్సునండీ నేను. కొలిచి వేశాను."

"ఇంకెవరైనా వేశారేమో?"

"ఇంకెవరేస్తారు?"

ఆయన తల గోక్కున్నాడు. "ఆదివారం మీకంటే ముందు ఒకావిడ వచ్చారు. మెడలో టేపు, వేళ్ళకి సుద్ద. వాళ్ళ అల్లుడుగారికీ ఇదే జబ్బన్నారు, ఇదే మందిచ్చాను. చేపని అల్లుడనేవాళ్ళు మీ వీధిలో ఎంతమందున్నారో నాకు తెలీదమ్మా."

ఇరవై ఏళ్ళుగా డ్యూటీ మారేటప్పుడు ఏ మంచానికి ఏ మందు ఎన్నింటికి వేశామో రాసి, నోటితో చెప్పి, సంతకం పెట్టిగానీ గేటు దాటలేదు. ఇంట్లో మాత్రం ఒకే తొట్టికి ఇద్దరం దొంగల్లా వైద్యం చేశాం.

"ముందు సగం నీళ్ళు మార్చండి, అదే వేడి ఉండాలి," అన్నాడాయన. "మొత్తం ఎంత పడిందో కనుక్కుని చెబితే, రేపు ఇంకెంత తియ్యాలో చెప్తాను."

కనుక్కోవాలంటే అడగాలి.

ఇంటికొచ్చి మిషను పక్కన నిలబడ్డాను. "ఎన్ని చుక్కలు వేశావు?"

మిషను ఆగింది. నేను అత్తయ్యతో అంటున్నానేమోనని అటు చూసింది.

"నిన్నే."

"ఐదు. పొద్దున, అత్తయ్య లేవకముందే. చెంచా ఉప్పు."

"మూడు రోజులూనా?"

"ఇవాళ కూడా వేశాను. మొత్తం మూడుసార్లు." నా చేతిలోని నీలం సీసా చూసింది. మొహం పాలిపోయింది. "మీరూ వేస్తున్నారా? అయ్యో... మళ్ళీ నేనేనా అక్కా?"

ఆ 'మళ్ళీ' నా గుండెలో దిగింది. బకెట్టు అందుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని నిలవ నీళ్ళు గోరువెచ్చగా చేసింది. నేను గొట్టంతో పాత నీళ్ళు తీస్తుంటే, ఆమె గ్లాసు గ్లాసుగా కొత్తవి పోసింది. వేడి సరిపోయిందో లేదో ఒకరి తర్వాత ఒకరం వేలు ముంచి చూశాం. గంట పట్టింది. నీలం పలచబడింది. అల్లుడుగారి ఆయాసం కాస్త తగ్గి, నిటారుగా నిలబడ్డారు. గండం గడిచిందని ఇప్పుడే చెప్పలేను.

నేల మీద కూలబడ్డాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేననిపించింది.

"ఆ రోజు నువ్వు చెప్పావు," అన్నాను. "మాత్ర వేశానని. నేను విన్నాను."

ఆమె చేతిలోని గ్లాసు తుడుస్తూనే ఉంది. "తెలుసు. 'ఊఁ' అన్నారు కూడా."

"తెలిసి కూడా..."

"ఆస్పత్రిలో అందరి ముందు మీతో వాదించలేకపోయాను. ఆ తర్వాత వాదించే ఓపిక లేకపోయింది."

మంచం కిర్రుమంది.

"అది చెప్పడం నేనూ విన్నానే," అంది అత్తయ్య.

ఇద్దరం అటు తిరిగాం.

"మరి రెండో మాత్ర ఎందుకు మింగారత్తయ్యా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. "నీ మొహం చూశాను. ఇందాకే వేసుకున్నానే అంటే, నా మీదా దాని మీదా అరుస్తావనిపించింది. అసలే అలిసిపోయి వచ్చావు. ఒక్క మాత్రేగా, గొడవెందుకని మింగేశాను."

నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది నెలలుగా నా అబద్ధాన్ని దాచుకుంటున్నాననుకున్నాను. నాకు భయపడి మంచాన పడ్డ మనిషికి రోజూ నేనే పక్క మార్చాను.

"ఇక మీదట నేను ఏదిచ్చినా, ముందే వేసుకునుంటే చెప్పండత్తయ్యా," అన్నాను. "అరవను."

"అరుస్తావులే," అంది ఆవిడ, తొట్టి వైపు తల తిప్పుకుంటూ. "అయినా చెప్తాను."