మోడు మిగలని కొండ

నేను ఒక గునపాన్ని. పాత లారీ ఇరుసును ఎర్రగా కాల్చి, సమ్మెటతో చావబాది నన్ను తయారుచేశారు. అన్ని దెబ్బలు తిని పుట్టినదాన్ని, మెత్తగా ఎలా మాట్లాడతాను? కొండవాళ్ల ఇళ్లలో గొడ్డలికున్న మర్యాద నాకు లేదు. అది చెట్టు మెడ నరికి చేతులు దులుపుకుంటుంది. నేనైతే వేళ్లతో సహా పెకలిస్తాను. సగం చంపి వదిలేయడం నాకు చేతకాదు.

పల్లపు ఊళ్లలో కూలిపనులు చేసి పెరిగిన లచ్చిరెడ్డి, ఇల్లరికపు అల్లుడిగా ఈ కొండకు వస్తూ నన్నూ భుజాన వేసుకొచ్చాడు. ఇక్కడ చేసేది పోడు వ్యవసాయం. వాలు మీద చెట్లు నరికి, ఎండాక తగలబెట్టి, ఆ బూడిదలో సామలు, కందులు చల్లుతారు. రెండు మూడు పంటలయ్యాక వదిలేస్తే అడవి మళ్లీ లేస్తుంది. అయితే నరికేటప్పుడు మోకాలెత్తు మోడు తప్పకుండా ఉంచుతారు. లచ్చిరెడ్డికి అది ఒట్టి బద్ధకంలా కనిపించింది. నాకూ అంతే.

అత్త బుచ్చెమ్మ అడ్డం పడింది. "మోడు పీకమాక అల్లుడా. పైన సచ్చినా కింద బతికే ఉంటాది. కొండని పట్టుకునుండేది అదే. దాని కిందే కదా మన ఇల్లు!"

"మోళ్ల మజ్జన నాగలెట్టా తిరుగుద్దత్తా? పంటొచ్చాక నువ్వే మెచ్చుకుంటావ్," అన్నాడు లచ్చిరెడ్డి.

ఆ వేసవిలో కొండ భగభగా మండింది. పారిపోలేని ఉడుములు బొరియల్లోనే కమిలిపోయాయి. మంట చల్లారాక నా వంతు వచ్చింది. మోడు మొదట్లో దిగి, వేళ్ల సందున దూరేదాన్ని. లచ్చిరెడ్డి తన బరువంతా నా మీద వేస్తే వేళ్లు పటపటా తెగేవి. వేగిస చెట్ల మోళ్ల బెరడు చీలి ఎర్రటి జిగురు కారింది. ఆ చప్పుడు, ఆ ఎరుపు నాకెంత ఇష్టమో చెప్పలేను. వాలు మీద ఒక్క మోడూ మిగల్లేదు.

తొలకరికి సామలు మొలిచాయి. లచ్చిరెడ్డి మీసం దువ్వుకున్నాడు. శ్రావణంలో వాయుగుండం పట్టి వాన తెరిపివ్వకుండా కురిసింది. ఒక మధ్యాహ్నం కొండ నడుము విరిగినట్టు చప్పుడైంది. పట్టుకునే వేరు లేక మట్టంతా జారి ఇంటి మీద పడింది. బుచ్చెమ్మ లోపలే ఉంది.

లచ్చిరెడ్డి నాతో బురదలో ఒక్క పోటు పొడిచి ఆగిపోయాడు. కింద ఉన్నది మనిషి.

"గునపం ఇసిరెయ్యి! సేతుల్తో తియ్యి!" అని భార్య కన్నమ్మ కేకేసింది.

నన్ను విసిరేసి, గోళ్లు ఊడేదాకా తవ్వాడు. బుచ్చెమ్మను బయటికి తీసేసరికి ఊపిరి లేదు. నోటినిండా మట్టి.

వాళ్లు గుడిసెను అవతలి గట్టుకు మార్చుకున్నారు. నేను మొన తప్ప మిగతాదంతా మట్టిలో కూరుకుపోయి అక్కడే ఉండిపోయాను. అడవి ఎలా తిరిగొస్తుందో అప్పుడు చూశాను. మోళ్లుంటే మరుసటి వానకే చిగురేసేది. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి రావాలి. ముందు బోదగడ్డి ఆక్రమించింది. దాన్ని తంగేడు, వాయిలి పొదలు నీడతో చంపాయి. ఆ పొదల గొంతు వెదురు నులిమింది. కుళ్లిన ఆ పొదల శవాల మీద కొడిసె, వేగిస మొక్కలు లేచాయి. నాకంటే దయలేని జాతి!

ఏళ్ల తర్వాత లచ్చిరెడ్డి, కన్నమ్మ అటుగా వచ్చారు. అతను నా మొన చూసి, వంగి ఊపాడు. ఒక వేగిస మొక్క వేరు నన్ను చుట్టేసి ఉంది. ఇంకొక్క గుంజు గుంజితే నేనూ వస్తాను, అదీ తెగుతుంది. గుంజరా, అని ఆశగా ఎదురుచూశాను.

అతను ఆ వేరును వేళ్లతో తడిమాడు. నన్ను వదిలేసి, బయటపడిన వేరు మీద మట్టి కప్పి వెళ్లిపోయాడు.

వేరు రోజురోజుకీ బిగుస్తోంది. నొప్పిగా ఉంది. పైన వాన కుండపోతగా కురుస్తోంది, కొండ మాత్రం కదలడం లేదు.