నంజుండ దగ్గు

బళేపేటలో గాజుల కొట్టు నడిపే రంగనాథప్పకి ఎనభైల నాటి 'కర్ఫ్యూ' బ్యాండు అంటే ప్రాణం. మంత్రుల్ని పేరుపెట్టి కడిగేసే ఆ పాటల్ని ఏ క్యాసెట్ కంపెనీ ముట్టుకోలేదు. దాంతో అతని స్నేహితుడు నంజుండ జ్వరంతోనే కచేరీకి వెళ్లి, శాలువా కింద టేప్‌రికార్డర్ దాచి రికార్డు చేశాడు. మిల్లు మూసివేత మీది పాటలో, గిటార్ ఆగిన క్షణాన గట్టిగా దగ్గాడు. ఊళ్లో తిరిగిన ఆ పాటల క్యాసెట్లన్నీ అతని రికార్డుకి నకళ్లే. అందుకే అభిమానులు ఎక్కడ కలిసి పాడుకున్నా, ఆ చోటు రాగానే అందరూ ఒక్కసారిగా దగ్గేవాళ్లు. దగ్గు లేనిదే అది పాటే కాదు.

కిందటి నెల నంజుండ పోయాడు.

ఈ ఆదివారం బెళ్ళందూరులో కూతురు శ్రీలత ఫ్లాటుకి వెళితే, ఆమె ఫోన్లో అదే పాట పెట్టింది. "ఎవరో పాత క్యాసెట్‌ని క్లీన్ చేసి నెట్‌లో పెట్టిండారు నాయనా. ఎంత బాగుండాదో విను."

నిజంగానే బాగుంది. నిన్న పాడినట్టుంది. రంగనాథప్ప కళ్లు మూసుకుని తాళం వేస్తూ విన్నాడు. గిటార్ ఆగింది. అక్కడేమీ లేదు. ఆ మహానుభావుడెవరో దగ్గుని చెత్త అనుకుని ఊడ్చేశాడు. ఆ ఖాళీ భరించలేక రంగనాథప్ప తనే దగ్గాడు.

శ్రీలత గబగబా నీళ్లు తెచ్చింది. "ఏసీ పడలేదేమో, ఆపేదా?"

"ఏసీ కాదులేమ్మా. ఇంకోసారి పెట్టు."

మళ్లీ గిటార్ ఆగింది. ఈసారి దగ్గుదామన్నా దగ్గు రాలేదు.