గాజు మీద లేని తేదీ

ఫాదర్ అమృతరాజుది రెండు పడవల ప్రయాణం. వారంలో ఐదు రోజులు బెంగళూరు కాలేజీలో భూకంపాల శాస్త్రం చెప్పి, శనివారం బంగారుపేటలో రైలు దిగి, కేజీఎఫ్‌లోని తన చర్చికి చేరుకునేవాడు.

మూతబడ్డ గనుల్లో నీళ్లు నిండి, అడుగున రాయి సర్దుకున్నప్పుడల్లా ఊరు అదురుతుంది. ఇక్కడివాళ్లకు అది ఉయ్యాలనాటి అలవాటు. గోడలు ఊగినా చేతిలోని కాఫీ దించరు. అందుకే ఫాదర్ చర్చిలో బలిపీఠం వెనక గోడ పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ సిమెంటుతో అతికించాడు. గోడ వెంట్రుకవాసి జరిగినా గాజు విరుగుతుంది. అతికించిన తేదీ దాని మూలన తన చేత్తోనే రాసేవాడు. రోజూ దాన్ని చూసి నోటుబుక్కులో రాసే పని చర్చి ఊడ్చే సెలీనాది.

పోయిన ఈస్టరుకు గాజు విరిగిందని పూజ మధ్యలో అందరినీ బయటికి పంపేశాడు. గోడ చెక్కుచెదరలేదు. పైనున్న బిషప్పు దగ్గర నుంచి చీవాట్లు వచ్చాయి. ఊళ్లో ‘గాజు ఫాదర్’ అనే పేరు పడింది. నిజం చెప్పాలంటే చీవాట్ల కంటే ఆ పేరే ఆయన్ని ఎక్కువ కోసింది.

ఈరోజు గని కార్మికుల పునీతురాలు బార్బరమ్మ పండుగ. చర్చిలో మూడు వందల మంది. పొద్దున ఫాదర్ గదిలోని అదుర్లు కొలిచే యంత్రం మూడు అదుర్లు చూపింది, ఒకదాన్ని మించి ఒకటి. ఫాదర్ గబగబా వచ్చి పీఠం ముందు నుంచే గోడ చూశాడు. గాజు నిక్షేపంగా ఉంది. నోటుబుక్కులో ఆగస్టు నుంచీ ‘మార్పు లేదు’ అనే ఉంది. ఊపిరి పీల్చుకుని పూజ మొదలుపెట్టాడు.

కానుకల వేళ ధూపం వేస్తూ పీఠం వెనక్కి వచ్చాడు. పొగ పైకి లేవలేదు. నేరుగా గోడ వైపు సాగి పగుల్లోకి దూరిపోయింది. అంటే పగులు అవతలికి తెగింది! వంగి గాజును దగ్గరగా చూశాడు. మూలన తను రాసిన తేదీ లేదు.

తల తిప్పాడు. మొదటి వరసలో సెలీనా ఆయన కళ్లలోకి చూసి, తల దించుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక చెప్పేదేముంది!

గోడ పడుతుందంటే ఒక్కడూ లేవడు. నమ్మితే ఉన్న ఒక్క తలుపు దగ్గర తొక్కుకు చస్తారు. ధూపపాత్ర ఊపుతూనే మైకు దగ్గరకు నడిచాడు.

“బార్బరమ్మను ఇప్పుడే తేరు ఎక్కిద్దాం. మిగతా పూజ మైదానంలో. ముందు పిల్లోళ్లు, ముసలోళ్లు.”

గనిలో ముప్పయ్యేళ్లు దూలాలు నిలబెట్టిన గాడ్విన్ లేచాడు. “పూజ కాకముందే తేరా? మా తాత కాలంలో గూడా లేదే ఫాదర్!”

“నేనుండేది ఈ కాలంలో గదప్పా. వచ్చి భుజం పట్టు.”

నవ్వులు. పాట ఆపొద్దని పాటగాళ్లకు సైగ చేశాడు. జనం తీరిగ్గా కదిలారు. ఒకామె జపమాల మరిచానని వెనక్కి వచ్చింది. ఫాదర్ వీపంతా చెమట. చివరికి సెలీనా ఒక్కతే మిగిలింది, లేవకుండా.

“ఆగస్టు నుంచి నాలుగు విరిగినాయి ఫాదర్. నాలుగూ నేనే మార్చినాను. మిమ్మల్ని చూసి మళ్లా నవ్వుతారని తట్టుకోలేకపోయినాను. నేను ఈడే ఉంటాను.”

“లెయ్యమ్మా!” చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాడు.

మెట్లు దిగారో లేదో కాళ్ల కింద నేల ఎగిరిపడింది. పీఠం వెనక గోడ పీఠం మీదా, మొదటి మూడు వరసల మీదా కూలింది.

దుమ్ము తగ్గాక గాడ్విన్ పరుగున వచ్చాడు. “నీకెట్ల తెలిసినాది ఫాదర్? మిషన్ చెప్పినాదా?”

ఫాదర్ వెనక సెలీనా ఊపిరి బిగబట్టింది. నాలుగు నెలల కొలతలు బూడిదలో పోసినట్టయ్యాయని ఆయన కడుపు మండుతూనే ఉంది. కానీ పొద్దున మూడు అదుర్లు చూసి కూడా గాజు దగ్గరకు పోకుండా దూరం నుంచే చూసిందెవరు? ఆ పేరుకు భయపడింది ఆమె ఒక్కతేనా?

“సెలీనమ్మ చెప్పినాది,” అన్నాడు.

గాడ్విన్ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టాడు. సెలీనా ఆ మట్టిలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.