మోకాళ్ళ కింది చేప

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

విల్ఫ్ అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు. యార్క్‌షైర్‌లో మూతపడ్డ ఉన్నిమిల్లు అది. ఇప్పుడందులో యుద్ధానికి ముందునాటి దొరల కార్లు అమ్ముతారు. వాటి సీట్లు కుట్టేవాడు విల్ఫ్. వంకరపోయిన వేళ్ళు, మైనం పట్టిన గోళ్ళు, నోట్లో ఎప్పుడూ రెండు మేకులు. రాతినేల చలి ఎముకల్లోకి దిగకుండా మోకాళ్ళ కింద పాత తోలుతో కుట్టుకున్న చిన్న మెత్త.

ఆ రోజు నల్ల డైమ్లర్ కారుకి ఆఖరి తుడుపు. దాని వెనక సీటు ఎలుకలు కొట్టేస్తే నిరుడు విల్ఫే కొత్త తోలు తొడిగాడు. ఆ వ్యాపారం తీరే వేరు. పాత కారు మరమ్మతు చెయ్యి పడనట్టుంటేనే విలువ. అందుకని చిక్కటి టీ డికాక్షన్ పూసి, ఇనపపీచుతో రుద్ది, ఆ తోలుకి లేని వయసు తెచ్చాడు.

"మొహానికి కూడా ఇదే పూసుకున్నావేంటి ముసలోడా?" అన్నాడు యజమాని డెస్మండ్, టీ అందిస్తూ.

"నాది అసలు సరుకయ్యా. ముడత ముడతకీ పూచీ నాది."

మధ్యాహ్నం దాన్ని కొనుక్కోవడానికి మిస్ ఆడ్రీ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆ కారు ఒకప్పుడు వాళ్ళ నాన్నది. వెనక సీట్లో కూర్చుని కిటికీ పక్క తోలుని తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇక్కడో చేప ఉండాలే! మా అన్నయ్య తలపిన్నుతో గీశాడు. వీపు మాత్రం నాది చిట్లింది," అని నవ్వింది.

"సీటు అప్పటిదేనండీ, ఎవరూ ముట్టుకోలేదు. కదూ విల్ఫ్?" అన్నాడు డెస్మండ్.

విల్ఫ్ నోట్లో మేకులున్నాయి. తలూపాడు.

ఆవిడ నవ్వు ఆరిపోయింది. "అయితే నాకే మతి తప్పుతోందన్నమాట. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. అన్నయ్య యుద్ధంలో పోయాడు. వాడి గుర్తులు కూడా నేనే కల్పించుకుంటున్నానేమో."

గురువారం కారు తీసుకెళ్తానని చెప్పి లేచింది. వచ్చేటప్పుడు లేని తడబాటు వెళ్ళేటప్పుడు ఆ నడకలో కనిపించింది.

అందరూ పోయాక విల్ఫ్ మెత్తని తిరగేశాడు. ఆ సీటులో ఎలుకలు మిగిల్చిన ముక్కతోనే కుట్టుకున్నాడు దాన్ని. అడుగున గుండ్రటి కన్ను, వంకర తోక. కుట్టేనాడే చూశాడు, ఎవరి పిల్లలో అల్లరివాళ్ళని నవ్వుకున్నాడు కూడా. నోరు తెరిస్తే డెస్మండ్ పరువు పోతుంది, తెరవకపోతే ఆవిడ తన మతి పోయిందనుకుంటుంది. ఆ చేప మీద ఏడాదిగా మోకాళ్ళు ఆనించాడు. ఈవేళ తలూపడమూ దాని మీద నుంచే.

చేప పైకి కనబడేలా మెత్తని వెనక సీట్లో కిటికీ పక్కన పెట్టాడు. ఆవిడే చూసుకుంటుంది, తను చెప్పక్కర్లేదు. అది పిరికితనమని అతనికీ తెలుసు. ఇంటికెళ్ళి బూట్లయినా విప్పకుండా కుర్చీలో వాలాడు. తెల్లారి లేవలేదు.

డెస్మండ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సీటు మీద మెత్త చూసి, ముసలోడు మరిచిపోయాడనుకున్నాడు. కన్నీళ్ళలో గీతలు ఆనలేదు. తుడిచి, విల్ఫ్ ఏప్రన్ పక్కన మేకుకి భద్రంగా తగిలించాడు. గురువారం ఆడ్రీ కారెక్కింది. ఈసారి తోలుని తడమనే లేదు.

మీరైనా గుర్తుంచుకోండి, నలుగురికీ చెప్పండి: ఆవిడ మతి చెడలేదు. ఆ మెత్త ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది, చేప గోడవైపు మొహం తిప్పుకుని ఉంది.