బెల్లం మండీ నడిమిగోడ

పొద్దున్నే షట్టరు ఎత్తి, ముందర నీళ్లు చల్లి ముగ్గు వేసి, వెంకటేశ్వరస్వామి పటానికి ఊదొత్తి వెలిగించడం మునిలక్ష్మికి అలవాటు. తరువాత మిషను మీద కప్పిన గుడ్డ తీసి, టేపుతో అంగడి వెడల్పు కొలిచేది. రాత్రికి రాత్రి గోడ ఎంత జరిగిందో చూసుకుని, మిషనును తూర్పుపక్కకు లాక్కునేది. అదయ్యాకే టేపు మెడలో వేసుకుని పనికి కూర్చునేది.

చిత్తూరు బజారువీధిలో బెల్లం మండీ మిద్దె ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. అందులో బెల్లం అమ్మడం మానేసి రెండు తరాలైంది. పేరు మాత్రం నిలిచింది. ఎండాకాలంలో గోడలు ఇప్పటికీ బెల్లం వాసన కొడతాయి. కట్టించిన షావుకారు ఉన్నన్నాళ్లూ కింద అంతా ఒకటే హాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దులబండ్లలో బెల్లం దిమ్మెలు వచ్చి మిద్దెదూలాల ఎత్తున పేరుకునేవి. ఆయన పోయాక కొడుకులిద్దరూ పంచుకున్నారు. నడిమిన గోడ లేచింది. పెద్దవాడు తూర్పున బెల్లం పెట్టుకున్నాడు, చిన్నవాడు పడమట చింతపండు పెట్టాడు. గోడకు కొట్టిన సున్నం ఆరకముందే అది పెద్దవాడి పక్కకు జరగడం మొదలుపెట్టింది. ఆయన కాలం ముగిసేసరికి తూర్పు భాగం గొడుగులు బాగుచేసే మనిషికి తప్ప దేనికీ చాలలేదు.

ఆ తరువాత చింతపండు చోట బాడుగ సైకిళ్లు నిలిచాయి. గొడుగుల చోట రేడియో మెకానిక్కు దిగాడు. సైకిళ్లు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి ఫోను బూతు, ఆ బూతు పోయి సెల్ రీచార్జి వచ్చాయి. గోడ కొన్నేళ్లు ఇటు, కొన్నేళ్లు అటు తిరుగుతూనే ఉంది. బాడుగకు వచ్చేవాళ్లు కరెంటు మీటరు వేరేగా ఉందా, వానకు కారుతుందా అని అడుగుతారు. అదే వరసలో గోడ ఇప్పుడు ఎటు పోతోందని కూడా అడుగుతారు. వెనకటి గడపలు షట్టర్లకు అడ్డమని ఎప్పుడో పీకేశారు. గోడ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

మునిలక్ష్మి తూర్పు భాగంలో దిగి ఇరవై ఏళ్లు దాటింది. జాకెట్టు ఆమె దగ్గర కుట్టించుకుంటే మళ్లీ విప్పి సరిచేసే పని ఉండదని పేరు. ఆ పేరంతా కత్తెరలో ఉంది. బజారువీధి టైలర్లకు ఒక ఆనవాయితీ ఉంది. గుడ్డ కోసేటప్పుడు పని నేర్చుకునేవాళ్లకు వీపు తిప్పాలి. హుక్కులు, కాజాలు, ఫాల్సు, మిషను కుట్టు అన్నీ నేర్పుతారు. కోత మాత్రం చూపించరు. మునిలక్ష్మి తన గురువు వీపు వెనక నిలబడి, ఎదురుగా ఉన్న బీరువా అద్దంలో చూసి కోత నేర్చుకుంది. అందుకే తన అంగడిలో అద్దం పెట్టలేదు.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో జెస్సీ ఒకతె. పది చదివి, దగ్గర్లోని జీడీ నెల్లూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆరేళ్లు కాజాలు కుట్టింది. ఒకసారి భయపడుతూనే అడిగింది: "అక్కా, చంక కోత ఒక్కసారి సూపియ్యవా?"

"తొందరేముండాది? ముందు హుక్కులు ఊడకుండా కుట్టు," అంది మునిలక్ష్మి, వీపు తిప్పుకునే.

పెళ్లయ్యాక జెస్సీ తిరుపతిలో మగ్గం పని నేర్చుకుని తిరిగొచ్చింది. వచ్చి ఎక్కడా చోటు లేనట్టు మండీ మిద్దెలోనే పడమటి భాగం బాడుగకు తీసుకుంది. అద్దాల తలుపు, రంగురంగుల లైట్లు, జరీ జాకెట్టు తొడిగిన తలలేని బొమ్మ వచ్చాయి. పైన 'జెస్సీ డిజైనర్ బ్లౌజెస్' అని బోర్డు. ప్రారంభం నాడు స్వీటు డబ్బా తెచ్చి, "నీ ఆశీర్వాదం అక్కా," అని కాళ్లకు వంగింది. మునిలక్ష్మి ఆశీర్వదించింది. స్వీటు డబ్బా మాత్రం మూత తియ్యలేదు.

నెల తిరక్కుండా గోడ ఇటు కదిలింది.

తలుపు తెరిస్తే మోగే గంట, ఆడవాళ్ల నవ్వులు, డబ్బులు అందాయని గట్టిగా చెప్పే పెట్టె, అన్నీ గోడ అవతలి నుంచి వినిపించేవి. గంట మోగినప్పుడల్లా మునిలక్ష్మి పాదం మిషను తొక్కడం మరిచిపోయేది. వచ్చింది ఎవరో గొంతును బట్టి పోల్చుకునేది. మొదట్లో కూర్చున్నచోటు నుంచే వినేది. తరువాత స్టూలు గోడ దగ్గరికి వేసుకుంది. ఆ తరువాత చెవి ఆనించింది.

కన్నుదిష్టి వినాయకుడి పటం తెచ్చి ఆ గోడకే కొట్టింది. తెల్లారి చూస్తే మేకుతో సహా వినాయకుడు జానెడు దగ్గరికి వచ్చాడు. షట్టరు ముందర బూడిదగుమ్మడికాయ కట్టింది. అది వారానికే కుళ్లింది. ఆటో నడిపే మొగుడు మునిప్రసాద్ ఒక రోజు క్యారియరు ఇవ్వడానికి వచ్చి, పక్కవాటుగా లోపలికి దూరాడు.

"ఇంకొంచెం జరిగితే అన్నం నిలబడి తినాల్సిందే. నాలుగు గుడ్డలు ఇంటికి తెచ్చుకోని కుట్టుకోరాదా మే?"

"ఇంటికాడ కుట్టేదాన్ని టైలరనరు, ఖాళీగా ఉండలేక కుడతాదంటారు," అంది మునిలక్ష్మి. "మిషను పట్టినన్నాళ్లు ఈడే ఉంటా. పట్టకపోతే అప్పుడు సూద్దాం."

మిషను పట్టాక ఇక జానెడు చోటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం మిద్దె యజమానురాలు దేవకమ్మ మేడ మీది నుంచి దిగి, వక్క నములుతూ మెట్టు మీద కూర్చుంది. చింతపండు అమ్మిన చిన్నవాడి కోడలామె.

"అవ్వా, నీ గోడ నన్ను మింగేస్తా ఉండాది," అంది మునిలక్ష్మి.

"గోడ మింగదు పాపా. పిలిస్తే వస్తాది."

"దాన్ని నేనెందుకు పిలుస్తా? పక్కనామె అదృష్టం నెట్టుకొస్తా ఉండాది."

"ఏమో. మా పెదమామ కుర్చీ ఎప్పుడూ ఆ గోడకే ఉండేది. అవతల తక్కెడ సప్పుడు వింటే గాని ఆయనకు నిద్ర పట్టేది కాదంట." దేవకమ్మ లేచి, చీర దులుపుకుని మేడెక్కిపోయింది.

మునిలక్ష్మి ఆ మాట పట్టించుకోలేదు. అప్పుడే వీధిలో రూపశ్రీ కనిపించింది. మొదటి జాకెట్టు నుంచి మొన్నమొన్నటి దాకా మునిలక్ష్మి చేతే కుట్టించుకున్న మనిషి. చేతిలో పట్టుచీర సంచి ఉంది. ఆమె తూర్పు షట్టరు దగ్గర నడక తగ్గించింది. తల తిప్పి ఎదుటి మందుల షాపు బోర్డు చదువుతున్నట్టు నటించింది. అట్లాగే నాలుగడుగులు ముందుకు వేసింది. అవతల గంట మోగింది.

మునిలక్ష్మికి కడుపులో నిప్పు పోసినట్టయింది. కోస్తున్న గుడ్డ వదిలేసి, కత్తెర చేతిలో ఉండగానే గోడకు చెవి ఆనించింది. చెంప ఆనించింది. భుజమూ ఆనించింది. గోడ వచ్చింది. ఈసారి రాత్రి దాకా ఆగలేదు. చెంపకు చల్లగా తగిలి, బెల్లం వాసన కొట్టి, చెరువులో మునిగి లేచినట్టు ఒక్క క్షణం ఊపిరి ఆడనియ్యక, ఆమెనూ ఆమె మిషనునూ దాటి వెనక్కు పోయింది. పోయి తూర్పు బయటిగోడకు అంటుకుని నిలబడింది.

మునిలక్ష్మి కళ్లు తెరిచేసరికి తను జెస్సీ అంగడి లోపల ఉంది. మిద్దె కింద మళ్లీ ఒకటే హాలు.

"అక్కా, నువ్వూ ఈడే ఉండావా?" అంది రూపశ్రీ. ఆమె ముఖంలో సిగ్గు కనిపించి పోయింది. "మంచిదాయె. జెస్సీ, పనితనం బంగారమే గాని, పోయినసారి కుట్టిన జాకెట్టు చంక కింద పట్టేసింది. చెయ్యి ఎత్తలేకపోయినా."

"ఈసారి అట్ల కాదులే అక్కా," అంది జెస్సీ, నేల చూస్తూ.

రూపశ్రీ చీర ఇచ్చి వెళ్లింది. మునిలక్ష్మి అప్పుడు హాలంతా చూసింది. మగ్గం చట్రాలు, పూసల డబ్బాలు, జరీ ఉండలు, మనిషి ఎత్తు అద్దం ఉన్నాయి. కోత బల్ల లేదు. మూలన గుడ్డల మూట ఒకటి, పైన తిరుపతి బస్సుకు ఎక్కించమని రాసిన అట్టముక్క. ఇన్నాళ్లు ఆ గోడకు చెవి పెట్టి గంట వినింది, నవ్వులు వినింది, పెట్టె మాటలు వినింది. కత్తెర చప్పుడు ఒక్కనాడూ వినలేదు. వినలేదన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు.

"కోత తిరుపతిలోనా?"

"ఇంకేం చేసేది? నువ్వు నేర్పలేదు గదా. ఆడ కొలత సూసి కోస్తారు, మనిషిని సూడరు. సగం సరిచెయ్యమని తిరిగొస్తాయి."

మునిలక్ష్మి కడుపు చల్లబడింది. అది మంచి చల్లదనం కాదని ఆమెకు తెలుసు. అయినా చాలా రోజుల తరువాత హాయిగా అనిపించింది.

జెస్సీ ఆమె ముఖం చూసి నవ్వింది. "సంతోషంగా ఉండాదా? నాకు మాత్రం కుళ్లు లేదనుకుంటివా? నీ కత్తెర సప్పుడు వినపడితే నాకు అన్నం సయించేది కాదు. నేనూ గోడకు చెవి పెట్టినా."

"మరి గోడ నా పక్కకే ఎందుకొచ్చింది?"

"నీ మాదిరి అంతసేపు వినేదానికి నాకు తీరిక యాడుండాది?"

ఆ మాట సూదిలా దిగింది.  మునిలక్ష్మి రూపశ్రీ చీరలోని జాకెట్టు ముక్క తీసి మిషను బల్ల మీద పరిచింది. సుద్దతో గీత గీసింది. కత్తెర పట్టి, అలవాటు చొప్పున జెస్సీకి వీపు తిప్పింది.

ఎదురుగా మనిషి ఎత్తు అద్దం. అందులో జెస్సీ కళ్లు కత్తెర మొనను చూస్తున్నాయి. మునిలక్ష్మి ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు, తన ఒళ్లే అడ్డమయ్యేది. ఆమె జరగలేదు. చంక దగ్గర వంపు తిరిగేచోట కత్తెరను కావాలనే మెల్లగా నడిపింది.

రూపశ్రీ ఆ జాకెట్టు తొడుక్కుని చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. తిరుపతికి మూటలు పోవడం ఆగింది. రెండు షట్టర్లు అట్లాగే ఉన్నాయి. ఎవరు ఎటు నుంచి వచ్చినా లోపల ఒకటే అంగడి. బోర్డు కూడా మారలేదు.

కొన్నాళ్లకు ఒక పెళ్లికూతురి తల్లి అద్దం ముందర తిరిగి చూసుకుని, "జెస్సీ కోత అంటే జెస్సీ కోతే!" అంది. జెస్సీ సరిదిద్దలేదు. మునిలక్ష్మి తల ఎత్తలేదు. మరునాడు పొద్దున హాలు నడిమిన, పాత గోడ ఉన్న గీతలోనే, బెత్తెడు ఎత్తున ఇటుకల వరస లేచి ఉంది.

ఇద్దరూ దాన్ని చూశారు.  దారాల పెట్టె పట్టుకుని జెస్సీ, కోసిన గుడ్డలు పట్టుకుని మునిలక్ష్మి, కాలెత్తి దాటుతూ పని చేసుకున్నారు. సాయంత్రం దేవకమ్మ వచ్చి కాలి బొటనవేలితో తట్టి చూసింది.

"ఈ ఎత్తయితే తప్పు లేదు. గడప లేని ఇల్లు యాడుండాది? ఉన్నవి పీకేసినారు గదా, మిద్దె తనకు కావల్సింది తనే పెట్టుకునింది. ఇంతకు మించి ఎదగనీకండి."

శుక్రవారం మునిలక్ష్మి ఆ ఇటుకలకు, ఇంటి గడపకు పూసినట్టే, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. జెస్సీ పసుపు అంటకుండా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటింది.

పొద్దున్నే షట్టరు ఎత్తి, ముగ్గు వేసి, ఊదొత్తి వెలిగించి, మునిలక్ష్మి ఇప్పటికీ టేపు తీస్తుంది. వెడల్పు కొలవదు. గడప ఎత్తు కొలుస్తుంది. ఎప్పుడూ ఉన్నంతే ఉంటే టేపు మెడలో వేసుకుని కూర్చుంటుంది. నూలుపోగంత పెరిగినట్టు కనిపిస్తే మాత్రం ముందు కత్తెర తీస్తుంది.

"ఏం మే జెస్సీ, ఇట్ల రా. అద్దంలో కాదు, నా పక్కన నిలబడి సూడు. ఈ పొద్దు మెడ కోత."

జెస్సీ గడప దాటి వస్తుంది.