సగం సారు

నగరపు పోలీసు కమిషనర్‌కి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటుంది కానీ, డిపార్టుమెంటులో దాన్ని వాడే నాథుడు లేడు. ఎదురుగా ఉంటే 'సార్', వెనక్కి తిరిగితే 'సగం సారు'. ఆ బిరుదు ఊరికే రాలేదు. చెమటోడ్చి సంపాదించుకున్నాడు.

అప్పట్లో ఆయన ఒక చిన్న స్టేషన్లో ఎస్సై. ఒక దొంగ దొరికాడు, వాడితో పాటు నగల మూటా దొరికింది. మూట విప్పి బల్లమీద పరుచుకుని చూస్తుండగా మన ఎస్సైకి జ్ఞానోదయమైంది. సొమ్ము పోయినవాళ్ళు అప్పటికే ఏడ్చి ఏడ్చి ఆశ వదిలేసుకుని ఉంటారు. మొత్తం తెచ్చి చేతిలో పెడితే, మీ డ్యూటీ మీరు చేశారు అన్నట్టు ఓ దండం పెట్టి వెళ్ళిపోతారు. అదే సగం తెచ్చి, "మిగతాది వాడు కరిగించేశాడమ్మా, ఈ మాత్రం దక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది" అంటే కాళ్ళమీద పడతారు. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో ఆయనకి ఎంత వెతికినా కనిపించలేదు. గట్టిగా వెతికాడని కూడా చెప్పలేం.

అక్కణ్ణించి ఆయనకి ఎదురు లేకుండా పోయింది. దొంగ దొరకడం, మూట విప్పడం, సగం బల్లమీదకి, సగం ఇంటికి. పేపర్లో ఫొటో, ఆ వెనకే ప్రమోషన్. తన కింద పనిచేసినవాళ్ళకీ ఇదే విద్య నేర్పాడు. ఏ స్టేషన్లో మూట విప్పినా ముందు పెద్దసారు వాటా పక్కన పెట్టి, ఆ తర్వాత తమ చేతులు కాస్త తడుపుకుని, మిగిలింది ప్రజలకి అంకితం చేసేవారు.

ఆయన తెలివితేటల్ని ఒక విషయంలో మెచ్చుకుని తీరాలి. తన చేతికి చిక్కిన దొంగలంతా సొమ్ము అమ్మబోయే చోటే దొరికారన్నది ఆయన గమనించాడు. అందుకని తను ఏనాడూ అమ్మలేదు. ఇంత నిగ్రహం మామూలు దొంగలకి ఉండదు. పడకగదిలో గోడకి బిగించిన ఇనప బీరువా ఏటేటా బరువెక్కుతూ వచ్చింది. భార్య కూడా వాటిని పెట్టుకునేది కాదు, తుడిచి మళ్ళీ లోపల పెట్టేది.

కమిషనర్ అయ్యాక ఆయన ఇంకో సొగసు చేర్చాడు. సొమ్ము దొరికిన ప్రతిసారీ హెడ్‌క్వార్టర్స్ హాల్లో విలేకరుల సమావేశం. వేదిక మీద పొడవాటి బల్ల, దానిమీద నగలు, వెనక ముసుగేసిన దొంగ. ఎదుట కుర్చీల్లో ఎవరు? లోగడ సగం సొమ్ము తిరిగి పొందిన అదృష్టవంతులు. వాళ్ళకి ముందురోజు ఫోన్ వెళ్తుంది. వచ్చి, ఇచ్చిన టీ తాగి, కెమెరాల ముందు చప్పట్లు కొట్టి, మైకు ఇస్తే రెండు మంచిమాటలు చెప్పాలి. కానిస్టేబుళ్ళు వాళ్ళని చప్పట్ల బ్యాచ్ అనేవారు. అందులో పెద్ద దిక్కు ఒక దర్జీ ఆవిడ. జత గాజులు పోగొట్టుకుని ఒకటి తిరిగి తెచ్చుకున్న మనిషి. "ఒక్కటైనా దక్కింది, సారు చల్లగా ఉండాలి" అని ఆవిడ మైకులో అన్నప్పుడల్లా ఆయనకి నిజంగానే గుండె నిండిపోయేది.

ఇంతటి మనిషికీ ఒక భయం ఉంది. మంత్రులంటే కాదు, కోర్టులంటే అసలే కాదు. కూతురంటే. ఒక్కగానొక్క పిల్ల, పోలీసు ఆఫీసరు పరీక్షలకి చదువుతోంది. ఎందుకమ్మా ఈ ఉద్యోగం అని ఎవరైనా అడిగితే "మా నాన్నని చూశాక ఇంకో ఉద్యోగం చేయాలనిపించలేదు" అంటుంది. ఆ మాట విన్నరోజు ఆయనకి ముద్ద దిగలేదు. లోకం ఏమనుకున్నా ఫర్వాలేదు, అది మాత్రం తనని అలాగే చూడాలి. ఆయన కోరుకున్నదల్లా అంతే.

ఒకరోజు భార్యాభర్తలిద్దరూ పొరుగూళ్ళో పెళ్ళికి వెళ్ళారు. మధ్యాహ్నం కూతురు లైబ్రరీ నించి వచ్చేసరికి వెనక తలుపు గడియ ఊడి ఉంది, పడకగదిలో బీరువా బార్లా తెరిచి ఉంది, లోపల ఖాళీ. పోలీసు బిడ్డ కదా, ఏదీ ముట్టుకోకుండా టౌన్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. తర్వాత తండ్రికి చేసింది. వరస అటూ ఇటూ అయి ఉంటే ఈ కథ లేదు.

కమిషనర్ పెళ్ళిభోజనం వదిలేసి భార్యతో సహా పరుగున వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే హాల్లో నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఏం పోయాయి సార్?"

"పెద్దగా ఏమీ లేదయ్యా. మా ఆవిడవి రెండు గొలుసులు, ఒక పాత వాచీ. వదిలెయ్, మనకి బోలెడు కేసులున్నాయి."

"అదేంటి నాన్నా," అంది కూతురు. "మొన్న మా కాలేజీలో నువ్వేగా చెప్పావు, చిన్న దొంగతనమైనా ఫిర్యాదు ఇవ్వాల్సిందేనని. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు కూడా."

"చెప్పాను," అన్నాడు ఆయన నీరసంగా.

"మరి?"

కూతురి చూపు తన మొహం మీదే ఉంది. ఆయన కాగితం తీసుకుని గొలుసులు, వాచీ రాసి సంతకం పెట్టాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్‌స్పెక్టర్ని గేటు దాకా సాగనంపుతూ అతని భుజం మీద చెయ్యేసి, "తొందరేం లేదయ్యా, నిదానంగా చూడు" అన్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక దొంగ ఎక్కడున్నా క్షేమంగా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

పాపం, తను పెంచిన డిపార్టుమెంటు ఎలాంటిదో తనే మర్చిపోయాడు. పైవాడు 'నాకేం వద్దు' అంటే రెట్టింపు కావాలని, 'తొందరేం లేదు' అంటే ప్రాణం మీదకి వచ్చిందని అర్థం చేసుకోవడమే అక్కడ ఉద్యోగధర్మం. ఇన్‌స్పెక్టర్ నిద్రాహారాలు మాని ఊరంతా జల్లెడ పట్టాడు. మామూలు జనం ఇళ్ళు దోచినప్పుడు నెలల తరబడి దొరకని దొంగలు కమిషనర్ ఇల్లు దోచేసరికి వారం తిరక్కుండా దొరుకుతారన్నది అందరికీ తెలిసిందే. వీడూ దొరికాడు, మూటతో సహా.

మూట విప్పాక ఇన్‌స్పెక్టర్ కాస్త తికమకపడ్డాడు. ఫిర్యాదులో రెండు గొలుసులు, ఇక్కడ చూస్తే బల్ల చాలదు. ఆ తర్వాత అర్థమైందనుకుని నవ్వుకున్నాడు. మొత్తం చెప్పుకోవడం సారుకి మొహమాటం. వాటాల సొమ్ము సారు ఎప్పుడో అమ్మేసి ఉంటాడు, ఇవి పెద్దింటి ఆడవాళ్ళ నగలు, ఉండవా మరి? డిపార్టుమెంటు చరిత్రలో ఎన్నడూ జరగని వింత అప్పుడు జరిగింది. దొరికిన సొమ్ములో ఒక్క ముక్క కూడా ఎవరూ పక్కకి తియ్యలేదు. పెద్దసారు సొమ్ము ముట్టుకోవడానికి ఎవడికి గుండెలున్నాయి? ఎవరికి వాళ్ళు దూరంగా నిలబడి, ఉన్నదున్నట్టు పెట్టెలో సర్దారు.

సారుకి చెప్పకుండా సంతోషపెడదామనుకున్నారు. "చిన్న కార్యక్రమం సార్, అమ్మాయిగారు కూడా వస్తున్నారు" అని మాత్రం చెప్పి హాల్‌కి పిలిపించారు. ఆయన హెల్మెట్ల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి కాబోలనుకుని వచ్చాడు. చూస్తే కుర్చీలనిండా చప్పట్ల బ్యాచ్, ముందు వరసలో తన కూతురు, బల్లమీద తెల్లటి గుడ్డ. ఇన్‌స్పెక్టర్ గుడ్డ లాగాడు.

కమిషనర్ బల్ల వైపు చూశాడు. తన సర్వీసంతా ఆ బల్లమీద తళతళలాడుతోంది.

"ఒక్క గ్రాము కూడా ముట్టుకోలేదు సార్," ఇన్‌స్పెక్టర్ చెవిలో గుసగుసలాడాడు. "మీ ఇల్లు కదా."

అలవాటు ప్రకారం మైకు దర్జీ ఆవిడ చేతికి ఇచ్చారు. ఆవిడ దాన్ని కుర్చీలో పెట్టేసింది. వేదిక దగ్గరికి నడిచి, బల్లమీంచి ఒక గాజు తీసి, తన చేతికున్న గాజు పక్కన పెట్టి చూసుకుంది.

"ఇది నాది సారూ. కరిగించేశాడన్నారు కదా?"

"ఒకేలాంటివి ఎన్నో ఉంటాయమ్మా. కూర్చోండి."

"ఉంటాయి. కానీ లోపలివైపు మా అమ్మ పేరులో మొదటి అక్షరం నేనే గీయించాను. దీనికీ ఉంది, దానికీ ఉంది."

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకరు లేచారు, ఆ వెనక ఇంకొకరు. నా నెక్లెసు, నా ఉంగరం, మా కోడలి వడ్డాణం అంటూ బల్ల చుట్టూ మూగారు. కెమెరాలవాళ్ళు టీ కప్పులు కింద పడేసి పరిగెత్తుకొచ్చారు. ఇన్‌స్పెక్టర్‌కి ఏదో ఒకటి చెయ్యాలని తోచి, "వీళ్ళందరి ఇళ్ళూ నువ్వే దోచావట్రా?" అని దొంగ మీద అరిచాడు.

"నాకేం తెలుసు సార్," అన్నాడు వాడు ముసుగులోంచి. "నేను వెళ్ళింది ఒక్క ఇంటికే."

ఆ హాల్లో ఉద్యోగరీత్యా నిజం చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెప్పింది మాత్రం వాడొక్కడు.

సాయంత్రానికి సస్పెన్షన్, తర్వాత అరెస్టు, కోర్టు, అవన్నీ పేపర్లలో వచ్చాయి. వాటిని ఆయన ఎలాగో తట్టుకున్నాడు, జైల్లో కూడా వార్డర్లకి సలహాలిచ్చాడని వినికిడి. ఆయన పడిపోయింది అక్కడ కాదు. ఆ హాల్లోనే, ఆ గోలలోనే.

కూతురు లేచింది. తండ్రి దగ్గరికి వస్తుందనుకున్నాడు. ఏదో ఒకటి అడుగుతుంది, ఏదో ఒకటి చెప్పొచ్చు, ఇన్నేళ్ళు చెప్పలేదా అనుకున్నాడు. ఆ పిల్ల చెవులకున్న పచ్చరాళ్ళ కమ్మలు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. డిగ్రీ పాసైనప్పుడు, జీతంలో దాచుకుని కొన్నానమ్మా అని ఆయనే ఇచ్చినవి.

వెళ్ళి ఆ చేతిని దర్జీ ఆవిడ ఎదుట చాపింది. "ఇవి మీవా అండీ?"

ఆవిడ ఆ పిల్ల మొహం చూసింది, కమ్మలు చూసింది. "నావి కావమ్మా," అంది మెల్లగా. "వెనకవాళ్ళని అడిగి చూడు."

ఆ పిల్ల బల్ల చుట్టూ, కుర్చీల మధ్యా ఒక్కొక్కరి దగ్గరా ఆగి చెయ్యి చాపుతూ వెళ్ళింది. వేదిక మీంచి కమిషనర్ చూస్తూనే ఉన్నాడు. ఎవరూ గుర్తుపట్టకూడదు దేవుడా, ఈ ఒక్కటీ గుర్తుపట్టకుండా చూడు అని లోపల్లోపల ఏడ్చాడు. ప్రతివాళ్ళూ తల అడ్డంగా ఊపుతున్న కొద్దీ ఆయనకి ఊపిరి అందుతోంది.

ఆఖరి వరసలో ఇంకా కూర్చునే ఉన్న ఒక ముసలాయన ఆ పిల్ల చేతిని తన కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మా ఆవిడవి తల్లీ," అన్నాడు. "పోయేటప్పుడు కూడా వీటినే తలుచుకుంది."

ఆ పిల్ల కమ్మలు ఆయన చేతిలో పెట్టి, పక్క కుర్చీలో కూర్చుంది. వేదిక వైపు మళ్ళీ చూడలేదు.